గడప బయటి పెద్దలు

ఆ వానాకాలమంతా మా అత్తయ్య గోడతోనే మాట్లాడింది.

"ఈ ఇంట్లో ఉప్పు అయిపోయిందని ఎవరికైనా తెలుసో లేదో" అని వంటింటి గోడతో అనేది. గోడకు ఇవతల నేను కాజాలు కుట్టుకుంటూ ఉండేదాన్ని. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి, డబ్బా మూత కాస్త చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. అదే నా జవాబు. మా ఆయన పోయిన కొత్తలో మొదలైన పద్ధతి ఇది. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. పెద్ద గొడవ కూడా ఏమీ జరగలేదు. గొడవంటూ జరిగితే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. మాది జరగలేదు కాబట్టి ఆగలేదు.

ఇల్లు చిన్నది. కింద రెండు గదులు, వంటిల్లు. వీధి వైపు గది టైలరుకి అద్దెకిచ్చాం. ఆయన మా ఆయన స్నేహితుడు, నన్ను వదినా అంటాడు, అత్తయ్యని పెద్దమ్మా అంటాడు. ఆయన కుట్టిన చొక్కాలకి కాజాలు, గుండీలు, పంట్లాం అంచులు నా పని. ఇంటి బయటి నుంచి మెట్లు, పైన ఒక్క గది. అది చాలాకాలం ఖాళీగానే ఉంది.

వానలు తగ్గాక అత్తయ్య కూతురింటికి వెళ్ళిపోవాలని ఆ ఏడు అనుకున్నారు. అనుకున్నది అత్తయ్యా, మా ఆడపడుచూ. నాకు చెప్పింది గోడ. "వానలు తగ్గితే అల్లుడొచ్చి తీసుకుపోతాడు. ఆ తర్వాత ఇంటికి తాళం వేసుకుంటారో, అన్న పంచకే పోతారో, ఎవరిష్టం వాళ్ళది" అంది ఒక పొద్దున. మా అన్నయ్య ఇంట్లో నాకు చోటు దొరుకుతుంది, సామాన్ల గదిలో, బియ్యం డబ్బాల పక్కన. ఆ సంగతి నాకూ తెలుసు, అత్తయ్యకీ తెలుసు. వెళ్ళొద్దని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. మాటలే లేని మనిషితో ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి వానలతోపాటే వాళ్ళు వచ్చారు. పై గది అద్దెకి కావాలంటూ ఇద్దరు కుర్రాళ్ళు. తెల్ల చొక్కాలు, టైలు, చేతుల్లో సైకిళ్ళు. దూరదేశం పిల్లలని చూడగానే తెలుస్తోంది. మోర్మన్లట, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. తమ దేవుడి మాట చెప్పడానికి రెండేళ్ళు ఇల్లు వదిలి వస్తారట. జేబుల మీద నల్ల బిళ్ళలున్నాయి. అప్పటికి నాకు అక్షరాలు రావు, టైలరే చదివాడు.

"ఎల్డర్ అని ఉంది వదినా. అంటే పెద్ద అని."

"మూతి మీద మీసం ఇంకా నల్లబడలేదు, పెద్దలట" అని లోపల గోడ విన్నది.

లోపలికొచ్చి కూర్చోమన్నాను. పొడుగువాడు గడప బయటే ఆగిపోయాడు. "క్షమించండి సోదరీ. ఇంటిలో మగవారు లేనిచో మేము లోపలికి రాకూడదు. అది మా నియమము" అన్నాడు. మా భాషని ఇద్దరూ పుస్తకంలో నేర్చుకున్నారు. వాళ్ళు మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు వింటున్నట్టుండేది.

టైలరు మెడలో టేపు సవరించుకుని, "నన్ను మగాడి కింద వేసుకోండి బాబూ, మా ఆవిడ ఏమీ అనుకోదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు అదొక ఉద్యోగమైంది. ఆయన మిషను దగ్గరుంటే వాళ్ళు లోపలికొచ్చేవాళ్ళు. ఆయన భోజనానికి వెళ్తే వాళ్ళూ లేచి గడప దాటి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. సోదరీ అన్న పిలుపు మాత్రం అత్తయ్యకి అస్సలు గిట్టలేదు. మనవడి ఈడువాడు అలా పిలవడమేమిటని గోడకి చాలాసార్లు ఫిర్యాదు వెళ్ళింది. చివరికి నేను అమ్మగారినీ, ఆవిడ పెద్దమ్మగారూ అయ్యాం.

వాళ్ళకి పేర్లు పెట్టింది కూడా అత్తయ్యే. పొడుగ్గా, మెడ ముందుకి సాచి, తెల్ల చొక్కాలో అడుగులు లెక్కపెడుతున్నట్టు నడిచేవాడు కొంగ. రెండోవాడికి బుగ్గలు తప్ప ముఖంలో ఇంకేమీ కనిపించేది కాదు, వాడు బుగ్గలవాడు. కొంగకి రెండేళ్ళూ నిండొస్తున్నాయి, వానలు అయిపోయేసరికి ఇంటికెళ్ళిపోతాడు. బుగ్గలవాడు అప్పుడే వచ్చాడు.

తెల్లవారకముందే పైన గంట మోగేది. తర్వాత ధబ్ ధబ్ మని చప్పుడు, కసరత్తు చేసేవాళ్ళు. మా కప్పు నుంచి సున్నం పొడి రాలి నా దారం ఉండల మీద పడేది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు, చదువుకునేవాళ్ళు. గుడ్లు, రొట్టె తిని, సైకిళ్ళు తీసుకుని వానలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ఎక్కువ ఇళ్ళలో తలుపు తీసి మళ్ళీ వేసేసేవాళ్ళట. సాయంత్రం తడిసి ముద్దై వచ్చి, మెట్ల కింద బూట్లలో నీళ్ళు వంపుకునేవాళ్ళు. పంట్లాలు సీటు దగ్గర అరిగిపోయేవి. టైలరు లోపలి నుంచి మాసిక వేసేవాడు, అంచులు నేను చేత్తో కుట్టేదాన్ని.

నాకూ వాళ్ళ పుస్తకంలోని కథలు చెప్పారు. కుట్టుకుంటూ విన్నాను. మా దేవుడు మాకున్నాడు నాయనా అన్నాను. సరే అమ్మగారూ అన్నారు. మళ్ళీ వారం మళ్ళీ అడిగారు, నేనూ మళ్ళీ అదే అన్నాను. దానివల్ల మా మధ్య ఏమీ చెడలేదు. టీ తాగరు, కాఫీ తాగరు. ఇంటికొచ్చినవాళ్ళకి ఏమిచ్చి పంపాలని అత్తయ్య కొన్నాళ్ళు మథనపడి, వేడి పాలు ఇస్తే తాగుతారని కనిపెట్టింది. సాయంత్రమయ్యేసరికి మెట్టు మీద రెండు గ్లాసులు మూతలు పెట్టి ఉండేవి.

వారానికొక రోజు వాళ్ళకి సెలవు. ఆ రోజు బట్టలుతుక్కుని, ఇంటికి ఫోను చేసుకునేవాళ్ళు. బుగ్గలవాడు మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మతో నవ్వుతూ మాట్లాడేవాడు. ఫోను పెట్టేశాక ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికేవాడు. "కాలరు అలా రుద్దితే చిరుగుతుందని ఎవరైనా చెప్పండి" అనేది అత్తయ్య గోడతో. నేను వెళ్ళి చెప్పేదాన్ని.

ఒకరిని విడిచి ఒకరు ఉండకూడదు, అది ఇంకో నియమం. ఒకడు క్షవరానికి కూర్చుంటే రెండోవాడు అక్కడే బెంచీ మీద ఉండాలి. బుగ్గలవాడికి జ్వరమొస్తే కొంగ కూడా ఇంట్లోనే ఉండిపోయాడు. మెట్ల మీద కూర్చుని వాడి బూట్లూ తన బూట్లూ పాలిష్ చేస్తూ, వీధి వైపు చూస్తూ పగలంతా గడిపాడు. వాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదని మాకు అడుగుల చప్పుడే చెప్పేది. కొంగ ముందే దిగి సైకిలు పట్టుకుని నిలబడేవాడు. బుగ్గలవాడు ఒక్కో మెట్టూ ఆలోచించుకుని దిగేవాడు. జతని వాళ్ళు ఎంచుకోరట, పైవాళ్ళు కలుపుతారట, మార్చేదాకా విడిపోవడానికి లేదట.

"అచ్చం అత్తాకోడళ్ళే" అన్నాడు టైలరు. అనేశాక నాలిక కరుచుకుని, బొత్తిగా అవసరం లేని చోట సుద్దతో గీత గీశాడు.

ఒక సాయంత్రం వాళ్ళు ముందు గదిలో ఉండగా అత్తయ్య మధ్య గదిలోంచి గోడతో, "పాలు పొంగిపోయాయి. పొయ్యి దగ్గర మనిషి లేదు. ఎవరికి పట్టింది. నేను పోయాక తెలుస్తుంది" అంది. చూద్దును కదా, కుర్రాళ్ళిద్దరూ చేతులు కట్టుకుని, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ఆపగానే ఇద్దరూ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు.

గోడ వైపు తిరిగి, ఎవరినీ చూడకుండా, అంత మనస్ఫూర్తిగా మాట్లాడే మనిషి ప్రార్థిస్తోందని కాక ఇంకేమనుకుంటారు పాపం. టైలరు గుడ్డలో ముఖం దాచుకున్నాడు, వాళ్ళకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. ఆ నెలంతా ఇంట్లో కందిపప్పుకి పురుగు పట్టినా, బట్టలు ఆరకపోయినా ఆమెన్ వినపడింది. దాని అర్థమేమిటో గోడ ద్వారా అడిగి తెలుసుకుంది అత్తయ్య. అట్లే అగుగాక అని అర్థమట. "ఈ ఇంట్లో నా మాటకి అవునన్నవాళ్ళు వీళ్ళిద్దరే" అంది.

అప్పుడే వాళ్ళ ఇంకో అలవాటు కంటపడింది. వారంలో ఒక పొద్దున కొంగా బుగ్గలవాడూ మెట్ల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకడు మాట్లాడేవాడు, రెండోవాడు తన మోకాళ్ళు చూసుకునేవాడు. తర్వాత వాడు మాట్లాడేవాడు, ఇతను చూసుకునేవాడు. వాళ్ళ భాష నాకేం తెలుసు. కానీ ముఖాలు భాష అక్కర్లేకుండానే చదవొచ్చు. ఒక రోజు పాల గ్లాసులు తీస్తూ బుగ్గలవాణ్ణి అడిగాను.

వారమంతా రెండోవాడు చేసిన పనుల్లో తనను బాధపెట్టింది చెప్పాలట. రెండోవాడు మధ్యలో మాట్లాడకూడదట, ఆ రోజుకి జవాబు కూడా చెప్పకూడదట. ఈ చివరిది కొంగ సొంతంగా పెట్టిన నియమమట. తర్వాత ఒకరి గురించి ఒకరు ఒక మంచి మాట చెప్పి లేవాలట.

"జవాబు చెప్పకుండా ఎలా ఉంటారు?" అన్నాను.

"అదియే కష్టము అమ్మగారూ."

"మరి మంచి మాట దొరక్కపోతే?"

వాడు పైకి చూసి, కొంగ లేడని నిర్ధారించుకుని, "ఒకసారి నేను, ఇతడు పళ్ళు చాలా శ్రద్ధగా తోముకొనును అని చెప్పితిని" అన్నాడు.

కిటికీ లోపల అత్తయ్య ఫక్కుమంది. నేనూ నవ్వేశాను. ఇద్దరం ఒకేసారి నవ్వి చాలాకాలమైంది. అది తెలియగానే ఇద్దరం ఆపేశాం.

ఆ చనువుతో వాడు నన్నొక మాట అడిగాడు. పెద్దమ్మగారు అన్నిసార్లు ఎవరి కొరకు ప్రార్థిస్తున్నారు అని. లోపల మిషను దగ్గరున్న టైలరు ఇక ఆగలేక మొత్తం చెప్పేశాడు. బుగ్గలవాడి ముఖం కందగడ్డయింది. అప్పుడే మెట్లు దిగి వచ్చిన కొంగ కూడా విన్నాడు. నవ్వలేదు.

"ఎంతకాలము నుండి?" అని నన్నడిగాడు.

మా ఆయన పోయినప్పటి నుంచి అన్నాను. అతను వెళ్ళి సైకిలు తుడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఆమెన్ అనలేదు. అత్తయ్య కొంచెం వెలితిపడినట్టే కనిపించింది.

వానాకాలం చివర్లో ఒక ముసురు పట్టింది. వీధి చివర కాలవ పొంగి, మధ్యాహ్నమయ్యేసరికి వీధిలోకి నీళ్ళొచ్చాయి. టైలరు ఆ పూట రాలేకపోయాడు. ముందు గది గడప కింద నుంచి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. నేల మీద గుడ్డల మూటలు, కుట్టేసిన బట్టల పెట్టె, మూలన మిషను. అవి పోతే టైలరు బతుకు పోయినట్టే, దానితో నాదీ.

అంతలో వాళ్ళిద్దరూ సైకిళ్ళు భుజాన వేసుకుని, మోకాటి లోతు నీళ్ళలో వచ్చారు. సైకిళ్ళు మెట్ల మీద పడేసి గుమ్మంలోకి పరుగెత్తారు. బుగ్గలవాడు గడప దాటడానికి కాలెత్తాడు. కొంగ వాడి చెయ్యి పట్టుకున్నాడు, వెంటనే వదిలేశాడు. వదిలేసి, తనే ద్వారబంధం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. రెండేళ్ళలో ఒక్కసారీ నియమం తప్పని మనిషి. ఇంకెన్నాళ్ళో లేదు వెళ్ళడానికి.

"అక్కడే ఉండండి" అంది అత్తయ్య. మధ్య గదిలోంచి చీర దోపుకుని వచ్చింది. "ఆపదైతే మీ దేవుడు ఏమీ అనడు, నాకు తెలుసు. అయినా మీ నియమం చెడగొట్టుకోవద్దు. గడప దాకా మేం తెస్తాం. అక్కణ్ణుంచి మీరు మొయ్యండి."

తర్వాత ఇటు తిరిగి, "చూస్తావేమిటే, ఆ పక్క పట్టుకో" అంది.

నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

పెట్టెకి ఒక పక్క ఆవిడ, ఒక పక్క నేను. ఎత్తు అంది. నిదానం అన్నాను. అటు కాదు ఇటు అంది. మూటలయ్యాయి. మిషను ఇనప స్టాండుతో సహా కదిలించాలి. నీళ్ళలో ఈడ్చుకుంటూ గడప దాకా తెచ్చాం కానీ, గడప ఎక్కించాలంటే ఇద్దరం ఒకే ఊపులో ఎత్తాలి. మొదటిసారి నేను ముందెత్తాను. రెండోసారి ఆవిడ ముందెత్తింది. "నేను చెప్పినప్పుడు అత్తయ్యా, కాలు చూసుకోండి" అన్నాను. అన్నాక గానీ ఏ మాట అన్నానో తెలియలేదు. ఆవిడ తల ఊపింది. లేచింది మిషను. అవతల రెండు జతల చేతులు అందుకున్నాయి. వాళ్ళు వాళ్ళ భాషలో లెక్కపెట్టుకుంటూ, ఒక్కో మెట్టూ ఇద్దరూ ఒకేసారి ఎక్కుతూ పైకి తీసుకెళ్ళారు. అంతవరకూ వాళ్ళిద్దరూ ఒకే అడుగు వెయ్యడం నేను చూడలేదు.

ఇంట్లో నిలబడే చోటు లేక మేమూ మెట్లెక్కాం. పై మెట్ల మీద కుర్రాళ్ళు, ఒంటికి అంటుకుపోయిన చొక్కాలతో. కింది మెట్ల మీద మేము. వాన సన్నబడింది. అత్తయ్య కాసేపు ఊపిరి పీల్చుకుని, ఇటు జరిగి, పిట్టగోడకి వీపు ఆనించి నాకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పాలి?"

"వీళ్ళు చెప్పుకుంటారు చూడు, అలా. నేను మధ్యలో మాట్లాడను."

పైన కుర్రాళ్ళు ఆకాశం వైపు చూపులు తిప్పేసుకున్నారు. నేను చాలాసేపు చీర చెంగు పిండుకున్నాను.

"ఆయన సైకిలు అల్లుడికి ఇచ్చేశారు. నన్నడగలేదు. దాని వెనక నేను కూర్చునేదాన్ని. ఆ సీటుకి మెత్త నేను కుట్టింది."

ఆవిడ నోరు తెరిచింది. మూసుకుంది. కాసేపటికి తనూ మొదలుపెట్టింది.

"వాణ్ణి సాగనంపి వచ్చిన మర్నాడే నువ్వు కాజాలు కుట్టడానికి కూర్చున్నావు. సూదిలో దారమెక్కించావు. చెయ్యి కూడా వణకలేదు. నేను చూశాను. నా కొడుకు నీకు అంతేనా అనుకున్నాను. రోజూ అనుకుంటున్నాను."

నా దగ్గర జవాబుంది. చేతులు ఆగితే ఆయన దగ్గు చెవుల్లో వినపడేది, అందుకని. నోటి చివరిదాకా వచ్చింది. కొంగ పెట్టిన నియమం గుర్తొచ్చి ఆగిపోయాను. అలా ఆగిపోవడం వల్ల ఆవిడ మాట మొత్తం లోపలికి వెళ్ళింది. అది కష్టమని ఆ పిల్లాడు ఎందుకన్నాడో తెలిసింది. ఆ జవాబు ఆ తర్వాత ఎప్పుడో, ఇద్దరం బియ్యం ఏరుతున్నప్పుడు చెప్పాను. ఆవిడ చేట కింద పెట్టేసింది.

మంచి మాట ముందు నేనే చెప్పాను. బయటి మనిషి ఎవరి ముందూ మీరు నన్ను తక్కువ చెయ్యలేదు అన్నాను. ఆవిడ ముఖం తిప్పుకుంది. కింద నీళ్ళలో ఎవరిదో చెప్పు తేలుతూ పోతోంది, దాన్నే చూస్తూ అంది.

"నీ కాజా ఊడదు."

పై మెట్ల మీంచి ఎవరో చాలా మెల్లిగా ఆమెన్ అన్నారు. ఎవరన్నారో నేను చూడలేదు.

మర్నాటికి నీళ్ళు తీశాయి. ఆ తర్వాత ఇంట్లో అద్భుతాలేమీ జరగలేదు. ఆవిడ నాతో మాట్లాడేది, కానీ పొదుపుగా. కొన్నిసార్లు అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేది. కూతురికి ఇచ్చిన మాట అలాగే ఉంది. చీరలు మడిచి పెట్టిన సంచి తలుపు పక్కన అలాగే ఉంది. నేను దాన్ని దాటుకుంటూ ఊడ్చేదాన్ని.

కొంగ వెళ్ళే రోజు వచ్చింది. టైలరు వాడి పంట్లాం కుట్లు విప్పి, సీటు మొత్తం కొత్తగా వేశాడు, వాళ్ళమ్మ చూసి మా పరువు తీయకుండా. వాడు అత్తయ్యకి చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసింది. బాగానే ఉన్నాయంది. వాడు నవ్వాడు, వచ్చాక మొదటిసారి పళ్ళు కనపడేలా. అవి నిజంగానే బాగా తోముకున్న పళ్ళు. బుగ్గలవాడు వాడి పెట్టె ఒక పక్క పట్టుకున్నాడు. బస్సు దాకా ఇద్దరూ కలిసే వెళ్ళారు, వీధి మలుపు దాకా ఒకే అడుగులో. బుగ్గలవాడితో ఉండడానికి ఆ సాయంత్రం ఇంకో పెద్ద దిగాడు. వాడికి గురకట.

ఆ తర్వాత ఆ గదిలో ఎంతమంది పెద్దలు ఉండి వెళ్ళారో. ముఖాలు కలిసిపోయాయి. ఆ ఇద్దరివి మాత్రం కలవలేదు.

ఎండ కాసిన మూడు నాలుగు రోజులకే అల్లుడు వచ్చాడు. మంచి మనిషి, తొందర మనిషి. గుమ్మంలోనే నిలబడి, బండి దొరకదు అత్తయ్యా, బయల్దేరండి అన్నాడు. సంచి అందుకున్నాడు. నేను ఆయనకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది.

అత్తయ్య చెప్పులు వేసుకుంది. ఒక కాలికి వేసుకుని, రెండోది వేసుకోకుండా నా వైపు చూసింది.

"నువ్వేమంటావే?"

నేను ఆ ఇంట్లో అడుగు పెట్టాక ఆవిడ నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"వెళ్ళొద్దంటాను" అన్నాను. నాకే సరిగా వినపడలేదు.

"గట్టిగా చెప్పు. అల్లుడికి ఆ చెవి సరిగా వినపడదు."

"వెళ్ళొద్దు అత్తయ్యా" అన్నాను. ఈసారి వీధి అవతల వాళ్ళు కూడా ఇటు చూశారు.

అల్లుడు ఆవిడ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, సంచి కింద పెట్టాడు. అత్తయ్య వేసుకున్న చెప్పు విడిచేసి వంటింట్లోకి నడిచింది.

"ఇతను తినే వెళ్తాడు" అంది లోపలి నుంచి. "బియ్యం ఎంత పొయ్యను, చెప్పు."